తూకం తప్పిన గోడ

పద్నాలుగో వారం

"పగులేది మామయ్యా?"

మామగారు తల ఎత్తలేదు. వరండా మెట్టు మీద కూర్చుని, బకెట్లో తాపీ ముంచి, అంచుకి అంటుకున్న సిమెంటును బొటనవేలితో తోముతున్నాడు.

"మిమ్మల్నే అడుగుతున్నా. నిన్న సాయంత్రం దాకా ముందుగది గోడకి పగులుంది. నా వేళ్లు దూరేంత పగులు. దాని మీద గాజు పట్టీ ఉంది. ఏవీ?"

"పూడ్చేశాను."

"పూడ్చేశారా!"

"పగుల్ని పూడ్చక ముద్దు పెట్టుకుంటారా?"

కోడలి నెత్తి మీది తడి దుప్పట్ల మూట జారి దభీమని నేల మీద పడింది. చీకటితోనే లేచి, రెండు గంటల పాటు డ్రైను పక్కన కూర్చుని ఉతికిన దుప్పట్లు. మట్టి అంటుకుంటున్నా ఆమె వంగి తీయలేదు. గబగబా లోపలికి వెళ్లి గోడ ముందు నిలబడింది.

కిటికీ మూలనుంచి నేల దాకా మెలికలు తిరుగుతూ దిగిన పగులు, మూడు నెలలుగా పొద్దున లేవగానే వేలు పెట్టి చూసుకుంటున్న పగులు, మాయమైపోయింది. దాని స్థానంలో నున్నటి పూత, పైన పల్చగా సున్నం. తడి ఇంకా ఆరలేదు. కింద ఒక పక్కన గోనె సంచి మీద మిగిలిన పెంకుముక్కలు, కాస్త సిమెంటు మాలు. పెంకులు లోపలికి కూరి, మాలు కొట్టి, పైన పూత పూసినట్టున్నాడు. అరచెయ్యి పెట్టి తడిమితే ఎక్కడా ఎగుడుదిగుడు తగల్లేదు. డెబ్బై దాటిన మనిషి చేతిలో అంత పనితనం చూసి మామూలు రోజైతే మురిసిపోయేది. ఇవాళ ఆ పూతని గోళ్లతో గీకెయ్యాలనిపించింది.

పదకొండింటికి మున్సిపల్ ఆఫీసు ఇంజనీరు వస్తాడు. ఆ పగులు చూడ్డానికే వస్తాడు.

పక్క స్థలంలో కంపెనీవాళ్లు గొయ్యి తవ్వుతున్నారు. పైకి ముప్పై అంతస్తులు లేవాలంటే కిందికి నాలుగు దిగాలట. దిగేకొద్దీ నీళ్లు ఊరుతుంటే మోటార్లు పెట్టి, రాత్రనక పగలనక తోడి డ్రైన్లోకి వదిలేస్తున్నారు. వీధిలో బావులు ఒక్కటొక్కటే ఎండిపోయాయి. ఈ ఇంటి పెరటి బావి అడుగు కనిపించి పన్నెండు రోజులైంది. నీళ్లు పోయిన నేల కుంగింది, కుంగిన నేల మీద గోడలు విచ్చాయి. గొయ్యికి అందరికంటే దగ్గర వీళ్లే. తవ్వకం మొదలైన రెండో నెలలో ముందుగదిలో వెంట్రుకంత బీట కనిపిస్తే, ఆఫీసువాళ్లు వచ్చి దాని మీద అడ్డంగా ఒక గాజు పట్టీ అతికించారు. ఎర్రరంగుతో తారీఖు రాశారు. గోడ కదిలితే గాజు పగులుతుంది, పగిలితే కబురు చెయ్యండి అన్నారు.

గాజు పగిలింది. ఆ కబురు చెయ్యడానికి కోడలు పదిహేడుసార్లు ఆఫీసు మెట్లెక్కింది. పదిహేడోసారి గానీ ఆ ఇంజనీరు తల ఎత్తి ఆమె మొహం చూడలేదు.

ఆయన వచ్చి, కళ్లారా చూసి, 'గోడ కదిలింది' అని ఒక్క ముక్క రాస్తే చాలు. మోటార్లు ఆగుతాయి. చుట్టూ గట్టి కట్టు కట్టేదాకా తవ్వకం ఆగుతుంది. బావి ఊరుతుంది, ఇల్లు నిలబడుతుంది. రాయకపోతే వచ్చే వానకి ఈ ముందుగది ఎటు పోతుందో చెప్పడానికి ఇంజనీర్లు అక్కర్లేదు.

ఆమె మళ్లీ వరండాలోకి వచ్చింది.

"ఎందుకు చేశారు మామయ్యా? నా మీద ఏం కసి మీకు?"

"నీ మీద కసేంటమ్మా?"

"మరి? మూడు నెలలు కాళ్లరిగేలా తిరిగాను. ఇంకో మూడు గంటల్లో ఆయన వస్తాడు. ఏం చూపించమంటారు? మీరు వేసిన సున్నమా?"

ముసలాయన తాపీని గుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు. "ముప్పై ఎనిమిదేళ్లు గోడలు కట్టాను. ఏ గోడకైనా పగులొచ్చిందని ఎవడైనా నా గుమ్మం తొక్కాడా? ఇవాళ నలుగురూ పోగై, నా గోడలో, నేను కట్టుకున్న నా ఇంటి గోడలో, వేళ్లు పెట్టి చూస్తారు. పక్క సైట్లో మేస్త్రీలంతా నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లే. వాళ్లూ వస్తారు, తమాషా చూడ్డానికి. నేను కుర్చీ వేసుకుని కూర్చోవాలా?"

"పగిలింది మీ తప్పు వల్ల కాదు కదా!"

"చూసేవాడికి అది తెలుస్తుందా? గోడ పగిలిందంటాడు. కట్టిందెవరంటాడు."

ఎవరితోనైనా వాదించవచ్చు గానీ, పరువు పట్టుకుని వేలాడే మనిషితో వాదించడం ఎలా?

ఆ పరువు ఊరికే వచ్చింది కాదు. ఆయన్ని అందరూ 'తూకం మేస్త్రి' అనేవారు. గోడ లేచాక పైనుంచి దారానికి ఇత్తడి గుండు వేలాడదీసి, ఇంటి యజమానిని పిలిచి చూపించేవాడు. గుండుకీ గోడకీ మధ్య సిగరెట్ కాగితం దూరిందా, ఇంకెవరూ నోరెత్తక్కర్లేదు. తానే సుత్తి పట్టుకుని ఆ గోడ కూల్చి, తన ఖర్చుతో మళ్లీ కట్టేవాడు. అలా మూడు గోడలు కూల్చాడని చెప్పుకుంటారు. ఆయన మాత్రం రెండే అంటాడు. మూడోది వానకి పడిందట.

"గాజు పట్టీ ఏదీ? కనీసం అదైనా ఇవ్వండి."

"ఎక్కడికి పోవాలో అక్కడికి పోయింది."

"పారేశారా?"

ఆయన బకెట్లో నీళ్లు మొక్కలకి పోయబోయి, ఆగి, జాగ్రత్తగా తిరిగి గోడవార పెట్టాడు. ఇంట్లో అవే నీళ్లు.

గేటు చప్పుడైంది. రాత్రి డ్యూటీ దిగి మొగుడు వచ్చాడు.

ఈ ఇంటికి పట్టిన విడ్డూరం ఇదే మరి. పక్క గొయ్యిలో మోటార్లు నడిపేది ఈ ఇంటి కొడుకే. వీధిలో అతన్ని 'మోటార్' అంటారు. మొదట్లో సరదాగా అనేవారు, బావులు ఎండాక ఉమ్మేసినట్టు అంటున్నారు. పొద్దున్నే డ్రైను గొట్టం కింద బిందె పెట్టి నిలబడ్డప్పుడల్లా కోడలికి అదే గుర్తొస్తుంది. గొట్టంలోంచి దూకేవి ఎవరి నీళ్లు? తన పెరటి బావిలోవే. తన మొగుడు తోడి పారబోస్తుంటే తను వంగి పట్టుకుంటోంది.

ఎవర్ననుకుని ఏం లాభం? ఈ తవ్వకాలు మొదలైనప్పుడు ఎగిరి గంతేసింది తనే. నాలుగు వీధుల్లో ఎక్కడ చూసినా కట్టడాలు, వాటికోసం దిగిన జనం, వాళ్లకోసం లేచిన లాడ్జీలు. రోజుకి నలభై దుప్పట్లు ఉతకడానికి వచ్చేవి. మంచిరోజులొచ్చాయనుకుంది. ఇంట్లో ఖాళీగా కూర్చున్న మొగుణ్ణి 'పక్కనే పనుంటే వెళ్లరేం' అని సతాయించి గొయ్యిలోకి తోసింది కూడా తనే. అది తలుచుకున్నప్పుడు ఆమెకి తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

మొగుడు ముందుగదిలోకి తొంగిచూశాడు. గోడని చూశాడు, తండ్రిని చూశాడు. పెళ్లాం వంక మాత్రం చూడలేదు.

"మంచిపనే అయింది," అన్నాడు చొక్కా విప్పుతూ.

"ఏం మంచి?"

"గొడవ వదిలింది."

"ఎవరికి వదిలింది? మీకా, మీ కంపెనీకా?"

"పొద్దున్నే మొదలెట్టకు. రాత్రంతా నిద్రలేదు."

"మీకు నిద్రలేదు. నాకు నీళ్లు లేవు. లాడ్జీవాడు నిన్ననే చెప్పాడు, దుప్పట్లు మురికి కంపు కొడుతున్నాయి, ఇంకో చోట చూసుకుంటామని. చెప్పండి, డ్రైన్లో ఉతికితే కంపు కొట్టక ఏం కొడతాయి?"

"నేను తోడకపోతే ఇంకోడు తోడతాడు."

"ఇంకోడు తోడితే ఇంకోణ్ణి తిట్టుకునేదాన్ని. పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టేదాన్ని కాదు."

అతను చొక్కా కొక్కేనికి తగిలించి స్నానానికి వెళ్లబోయాడు. బకెట్లో నీళ్లు చూసి ఆగిపోయాడు. సిమెంటు కడిగిన నీళ్లు. అలాగే చాప మీద పడుకుని గోడవైపు తిరిగాడు. ఆ గోడవైపే.

ముగ్గురూ మూడు గదుల్లో ఉన్నారు. తడి ఆరుతున్న సున్నం వాసన ఇల్లంతా నిండింది.

పదకొండన్న మనిషి పన్నెండున్నరకి వచ్చాడు. స్కూటరు గేటు పక్కన నిలిపి, చంకలో ఫైలు పెట్టుకుని, చెమట తుడుచుకుంటూ. ఆయన వెనకే సైటు సూపర్‌వైజరు. ఎండలోనైనా నీడలోనైనా పసుపు టోపీ తీయడు. అతనికి 'టోపీ సారు' అని పేరు పెట్టింది ఎదురింటి టైలరమ్మ. ఆవిడ ఏ ఉద్దేశంతో పెట్టిందో విడమరిచి చెప్పక్కర్లేదు. ఇప్పుడావిడ మెడలో టేపుతో సహా వచ్చి గేటు పట్టుకుని నిలబడింది. ఆవిడ బావీ ఎండింది. ఇవాళ ఏం తేలుతుందోనని కుట్టు మిషను వదిలేసి వచ్చింది.

"పగులెక్కడమ్మా?" అన్నాడు ఆఫీసు ఇంజనీరు.

"ఇక్కడే సార్... ఉండేది."

"ఉండేదా?"

"పొద్దున పూడ్చేశారు సార్. మా మామగారు."

టోపీ సారు గోడని ఆప్యాయంగా తడిమాడు. "ఎంత నున్నగా చేశారండీ పెద్దాయనా! మా సైట్లో వందమంది ఉన్నారు, ఒక్కడికీ ఈ చెయ్యి లేదు."

పొగడ్తకి మామగారి మెడ ఒక్క క్షణం నిటారుగా అయింది. కోడలికి ఒళ్లు మండిపోయింది.

"ఫొటో ఉంది సార్," అంటూ ఫోన్ తీసి చూపించింది. ఇంజనీరు కళ్లజోడు పైకెత్తి, దించి, మళ్లీ ఎత్తి చూశాడు. గాజు మీద ఫ్లాష్ వెలుతురు పడి తెల్లగా ఉంది. తారీఖు కనిపించలేదు, పగులూ సరిగ్గా కనిపించలేదు.

"మెరుపు తప్ప ఏముంది సార్ ఇందులో," అన్నాడు టోపీ సారు. "ఏ గోడో, ఎప్పటిదో."

ఇంజనీరు నిట్టూర్చాడు. చెడ్డమనిషిలా లేడు. మధ్యాహ్నం భోజనానికి ఆలస్యమవుతున్న మనిషిలా ఉన్నాడు. "చూడమ్మా, నేను కళ్లకి కనిపించిందే రాయాలి. ఇక్కడ నాకు మంచి గోడ కనిపిస్తోంది."

ఫైలు మూయబోతుంటే కోడలు ముందుకొచ్చింది. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకే తెలీదు. "పగులైతే పూడిస్తే పోతుంది సార్. ఒరిగిన గోడ ఎక్కడికి పోతుంది? మామయ్యా, గుండు తీయండి."

ముసలాయన ఉలిక్కిపడ్డాడు. "ఏంటి?"

"గోడకి గుండు వెయ్యండి. అందరి ముందూ."

"నా గోడకా?"

"మీ గోడకే. ఇన్నేళ్లూ ఊరందరి గోడలకీ వేశారు కదా."

ఆయన కోడలి వంక చూశాడు. కోపం వస్తుందనుకుంది. రాలేదు. మెల్లగా లేచి, లోపలి ట్రంకుపెట్టె తెరిచి, పాత తువ్వాలులో చుట్టిన ఇత్తడి గుండు తీశాడు. రోజూ తుడుస్తాడేమో, తళతళలాడుతోంది.

అందరూ ఇంటి పక్క సందులోకి వెళ్లారు. ఇటు ఇంటి గోడ, అటు గొయ్యి చుట్టూ పాతిన రేకుల కంచె. మధ్యలో ఇద్దరు పక్కపక్కన నడవలేరు. రేకుల అవతల మోటార్ల హోరు. ఆ హోరుకి కాళ్ల కింద నేల సన్నగా వణుకుతోంది. చాప మీంచి లేచిన మొగుడు కూడా వచ్చి సందు మొదట్లో నిలబడ్డాడు. టోపీ సారు రమ్మని చెయ్యి ఊపితే ఇంకో రెండడుగులు వేశాడు.

కోడలు నిచ్చెన పట్టుకుంది. మామగారు మోకాలు పట్టుకుంటూ ఒక్కో మెట్టూ ఎక్కి, చూరు కింది మేకుకి దారం చుట్టి, గుండు వదిలాడు. అది ఊగింది, తిరిగింది, నెమ్మదించింది. కిందికి దిగి, దాని ముందు గొంతుక్కూర్చుని, అది పూర్తిగా ఆగేదాకా ఊపిరి బిగబట్టాడు.

గుండు ఆగింది. గోడని తాకలేదు.

ఆయన మధ్యలోకి ఒక వేలు పెట్టాడు. దూరింది. రెండో వేలు పెట్టాడు. అదీ దూరింది. వేళ్లు బయటికి తీసుకుని, వాటి వంక చూసుకున్నాడు.

"ఒరిగింది," అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో కోడలికి తెలిసింది. "గొయ్యివైపు రెండు వేళ్లు ఒరిగింది సార్."

"చూశారా సార్!" అంది టైలరమ్మ వెనకనుంచి.

ఇంజనీరు కూడా వంగి వేలు పెట్టి చూశాడు. మొదటిసారి ఆయన మొహంలో కాస్త శ్రద్ధ కనిపించింది. "ఎన్ని మోటార్లు నడుస్తున్నాయయ్యా అవతల?"

"నాలుగే సార్. పర్మిషన్ ఎన్నింటికో అన్నే," అన్నాడు టోపీ సారు.

"ఏడు!" అంది టైలరమ్మ. "రాత్రిళ్లు ఏడు నడుస్తాయి. నేను మిషను కుడుతూ చప్పుడు వింటూనే ఉంటా."

టోపీ సారు కోప్పడలేదు. అతనికి కోపం రాదు, అదే అతని గొప్ప. "ఏడు నడిచాయంటే అది ఆపరేటరు తప్పు సార్. కంపెనీ చెప్పింది నాలుగే. రిజిస్టర్లో ప్రతి రాత్రీ సంతకం ఇతనిదే. ఏడు నడిపాడా లేదా, ఇతన్నే అడగండి."

అందరూ మొగుడి వంక చూశారు. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అది వేరే ఫైలు," అన్నాడు ఇంజనీరు. "ఇప్పుడు గోడ సంగతి."

"గోడ సంగతే చెప్తున్నా సార్," అన్నాడు టోపీ సారు మెత్తగా. "ఒరిగిందంటున్నారు. ఒరిగిందా, ఒరిగినట్టే కట్టారా? పాతకాలం పని. ఇరవై ఏళ్ల కిందటి గోడ. పక్కన గొయ్యి ఉంది కదా అని ఇప్పుడు గుండు వేస్తున్నారు."

"ఒరిగినట్టే కట్టానా!" మామగారు లేచి నిలబడ్డాడు. "నేనా! ఊళ్లో ఎవర్నయినా అడుగు. తూకం మేస్త్రి గోడ గురించి అడుగు!"

"ఊళ్లోవాళ్లు ఈ గోడ దగ్గర లేరు కదండీ."

"వాళ్లు లేకపోతే నా కొడుకున్నాడు." ఆయన గిరుక్కున తిరిగాడు. మొహంలో వెలుగొచ్చింది. "ఈ గోడ కట్టింది మేమిద్దరమే సార్. కూలీలకి డబ్బుల్లేక తండ్రీ కొడుకులం కట్టుకున్నాం. వాడికప్పుడు ఇరవై రెండేళ్లు. పైన దారం పట్టుకున్నది వాడు, కింద చూసింది నేను. చెప్పరా. ఆ రోజు కాగితం దూరిందా?"



కోడలు నిచ్చెనని గట్టిగా పట్టుకుని మొగుడి మొహంలోకి చూసింది. 'చెప్పండి' అని కళ్లతోనే బతిమాలింది. పెళ్లైన ఇన్నేళ్లలో అతన్ని ఆమె అలా బతిమాలిన రోజు లేదు.

"చెప్పరా," అన్నాడు తండ్రి మళ్లీ. నవ్వుతున్నాడు.

"గుర్తులేదు నాన్నా."

"గుర్తులేదా? సున్నం నీ కంట్లో పడి, అమ్మ కొంగుతో తుడిచింది, అదీ గుర్తులేదా?"

"అబ్బాయ్, నీళ్లు నమలకు," అన్నాడు ఇంజనీరు విసుగ్గా. "నాకు టైము లేదు. కట్టినప్పుడు తూకంలో ఉందా, లేదా? ఒక్క మాట."

మొగుడు టోపీ సారు వంక చూశాడు. టోపీ సారు రేకుల కంచె వంక చూస్తున్నాడు, తనకేం పట్టనట్టు.

"లేదు సార్," అన్నాడు మొగుడు. "అప్పుడే కొంచెం తేడా ఉంది. మన ఇల్లే కదా అని వదిలేశాం."

టైలరమ్మ నోరు నొక్కుకుంది. కోడలికి ఎవరో చెంప మీద కొట్టినట్టయింది.

ముసలాయన గుండుని చేతిలోకి తీసుకున్నాడు. గట్టిగా అరిచినా బాగుండేది, కొడుకుని నాలుగు తన్నినా బాగుండేది. ఆయన నోరు ఒకసారి తెరుచుకుంది. ముందుగది కిటికీ వైపు చూశాడు. మళ్లీ కొడుకు వైపు చూశాడు. నోరు మూసుకున్నాడు.

ఇంజనీరు ఫైలు మోకాలి మీద పెట్టుకుని రాశాడు. రాసింది చదివి వినిపించాడు కూడా: గోడలో పగులు కనబడలేదు, తూకంలో తేడా ఉంది, అది కట్టినప్పటిదేనని ఇంటివారే ఒప్పుకున్నారు. ముసలాయన సంతకం పెట్టాడు. పెట్టేముందు కళ్లజోడు కోసం జేబు తడుముకుని, లేదని గుర్తొచ్చి, అలాగే పెట్టేశాడు.

"ఇంత దూరం వచ్చారు, గొయ్యి కూడా ఒకసారి చూసి వెళ్లండి సార్," అంటూ టోపీ సారు ఆయన్ని కంచె తలుపులోంచి లోపలికి తీసుకెళ్లాడు. స్కూటరు గేటు దగ్గరే ఉండిపోయింది.

టైలరమ్మ వెళ్లిపోయింది, ముసలాయన ఇంట్లోకి నడిచాడు. సందులో భార్యాభర్తలు మిగిలారు.

"తృప్తిగా ఉందా?" అంది.

"నువ్వు నోరు ముయ్యి."

"మూస్తాను. ముందు ఒక్కటి చెప్పండి. ఆ రోజు కాగితం దూరిందా?"

అతను నిచ్చెన తీయబోయాడు.

"మీ నాన్న లేడు, టోపీ సారు లేడు. నాకు చెప్పండి."

"దూరలేదు!" అని అరిచాడు. "దూరలేదే! అద్దంలా ఉంది గోడ. అయితే ఏంటి? గోడ కదిలిందని రాస్తే తర్వాత ఏం అడుగుతారు? ఎందుకు కదిలిందని. నీళ్లు ఎక్కువ తోడారని. ఎవడు తోడాడని. రిజిస్టర్లో ఎవడి సంతకం ఉంది? వాళ్లు ఏడు వెయ్యమంటారు, నాలుగని రాయమంటారు. రాసింది నేను. జైలుకి పోయేది నేను. అప్పుడు నువ్వూ మీ మామా కలిసి తూకం చూసుకుంటూ కూర్చోండి."

"ఈ మాట ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేసేదానివి? పదిహేడుసార్లు తిరిగేదానివి కాదా?"

తిరిగేదాన్ని కాదేమో అనిపించిందామెకి. ఆ సంగతి ఒప్పుకోవడం ఇంకా చేదుగా ఉంది.

లోపల్నుంచి దబ్బుమని చప్పుడైంది. ఇద్దరూ తల తిప్పారు. మళ్లీ దబ్బుమంది.

పరుగెత్తుకుని లోపలికి వెళ్లారు. ముసలాయన ముందుగదిలో కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి, రెండు చేతులా సుత్తి ఎత్తి గోడని కొడుతున్నాడు. పొద్దున వేసిన పూత పెళ్లలు పెళ్లలుగా ఊడి పడుతోంది.

"నాన్నా! పిచ్చెక్కిందా నీకు?"

"తూకం తప్పి కట్టానన్నావుగా." ఇంకో దెబ్బ. "తప్పు గోడ కట్టినవాడు ఏం చెయ్యాలి? చెప్పు. నా దగ్గర పని నేర్చుకున్నావు. ఏం చెయ్యాలి?"

"నాన్నా, ఆపు!"

"కట్టినవాడే కూల్చాలి. ఎన్ని గోడలు కూల్చానో ఊళ్లో అడుగు. రెండు. ఇది మూడోది."

"మామయ్యా, ఇల్లు మీద పడుతుంది!" కోడలు ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన విదిలించుకున్నాడు. ఆ బక్క చేతుల్లో అంత బలం ఎక్కడిదో. ఇంకో దెబ్బకి పగులు పూర్తిగా నోరు తెరిచింది. కూరిన పెంకులు జలజలా రాలాయి. వాటితో పాటు ఏదో సన్నగా మోగుతూ నేల మీద పడింది.

కోడలు వంగి తీసింది.

గాజు. రెండు ముక్కలు, చెరో చివరా సిమెంటు అంటుకుని ఉంది. ఒక ముక్క మీద ఆఫీసువాళ్లు వేసిన నంబరు. రెండోదాని మీద ఎర్రరంగు తారీఖు, చెక్కు చెదరకుండా.

సుత్తి ఆగింది. గదిలో దుమ్ము మాత్రం ఆగలేదు.

"ఇది మీ దగ్గరే ఉందా?" ఆమె దుమ్ము తుడిచి గాజుని ఆయన ముందుకి చాపింది. "గోడలోనే పెట్టారా?"

"సందు పూడ్చేటప్పుడు మేస్త్రి ఏదీ పారెయ్యడమ్మా. చేతికి అందింది కూరుతాడు."

"మరి ఆయన అడిగినప్పుడు చెప్పలేదేం? ఆ పూత ఒక్కటి రాలగొడితే పనైపోయేది కదా మామయ్యా! పగులూ కనిపించేది, గాజూ కనిపించేది. ఎందుకు చెప్పలేదు?"

ముసలాయన సుత్తి నేల మీద ఆనించి, దాని మీద బరువు మోపి నిలబడ్డాడు. కొడుకు వంక చూడకుండా మాట్లాడాడు.

"నా కొడుకున్నాడు కదా, గాజుముక్కతో పనేంటనుకున్నాను. వాడు చెప్తాడనుకున్నాను. వాడు చెప్పాక..." ఆగాడు. "వాడు అలా చెప్పాక గాజు తీసి చూపిస్తే ఏమవుతుందమ్మా? నలుగురిలో నా కొడుకు అబద్ధాలకోరని నేనే చెప్పినట్టవుతుంది. అంతకంటే నా పని చెడ్డదనుకోవడమే నయం."

మొగుడు అక్కడే గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఒంటి మీద సున్నం పొడి రాలుతోంది. మొహంలో ఏముందో ఆ దుమ్ములో కోడలికి తెలియలేదు.

బయట కంచె తలుపు తీసిన చప్పుడు. "భోజనం చేసి వెళ్లొచ్చు కదా సార్," అంటున్నాడు టోపీ సారు. "వద్దు వద్దు," అంటున్నాడు ఇంజనీరు. అడుగులు గేటు వైపు వస్తున్నాయి.

కోడలు గాజు ముక్కలు గుప్పిట్లో బిగించి గుమ్మం వైపు కదిలింది. మొగుడు గబుక్కున వచ్చి అడ్డం నిలబడ్డాడు. చెయ్యి చాపాడు.

"ఇటివ్వు."

"ఇస్తే ఏం చేస్తారు?"

"ఇవ్వమంటున్నానా."

"ఆయన చేతికిస్తారా? గొయ్యిలోకి విసిరేస్తారా?"

అతను చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"వాడికే ఇవ్వమ్మా," అన్నాడు మామగారు వెనకనుంచి.

"మామయ్యా!"

"ఇవ్వు. ఇంకొక్కసారి వాణ్ణి నమ్మి చూద్దాం."

గేటు దగ్గర స్కూటరు స్టాండు తీసిన చప్పుడైంది. ఇంజనీరు ఒకసారి కిక్కు కొట్టాడు. బండి అందుకోలేదు. గాజు అంచు అరచేతిలో దిగుతున్నా కోడలు గుప్పిట విప్పలేదు. రెండో కిక్కు కూడా వినిపించింది.